హైడ్రోజన్ ఖర్చు లేదన్నది నిజం కాదు: ఆమ్ల ఉత్ప్రేరకం మీద ఆక్సిజన్ లెక్క

కట్టెల్ని గాలి తగలకుండా వేడి చేసి తీసిన బయో ఆయిల్ గురించి, వాడేసిన వంటనూనె గురించి ఈమధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. వీటిని ఇప్పుడున్న రిఫైనరీల ఎఫ్‌సీసీ యూనిట్లలో కాస్త కాస్తగా కలిపేస్తే చాలట. వాటిలో ఇంధనానికి పనికిరాని ఆక్సిజన్‌ని అక్కడి ఆమ్ల ఉత్ప్రేరకమే ఊడగొడుతుంది, మామూలుగా ఆ పనికి కావలసిన హైడ్రోజన్‌ని కొనే పని లేకుండా పెట్రోలు చేతికొస్తుంది అంటారు. ఎఫ్‌సీసీ అంటే ఫ్లూయిడ్ కేటలిటిక్ క్రాకింగ్. వాక్యూమ్ గ్యాస్ ఆయిల్ అనే బరువైన నూనెని (రిఫైనరీ భాషలో వీజీవో) వేడి జియోలైట్ పొడితో (సన్నటి రంధ్రాలున్న సిలికాన్-అల్యూమినియం ఖనిజం, ఆ ఆమ్ల ఉత్ప్రేరకం ఇదే) కలిపి పెట్రోలు, ఎల్పీజీ, ప్రొపిలీన్‌గా విరగ్గొట్టే యూనిట్ అది. మన విశాఖ రిఫైనరీలోనూ ఉంది.

ఆ మాటలో సగం నిజమే. ఆక్సిజన్ పోతుంది. హైడ్రోజన్ ఖర్చు లేదన్నది మాత్రం తప్పు. ఖర్చు ఉంది. కాకపోతే అది కొనుగోలు బిల్లులో కాకుండా పక్కనున్న వీజీవో ఖాతాలో పడుతుంది. నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఈ లెక్క చూడకుండా ముందుకెళ్తే నష్టపోయేది జీవ ఇంధనాల మీద ఉన్న నమ్మకమే. అందుకే దీన్ని అంకెలతో సహా రాయాలనిపించింది.

ముందు ఆమ్లం ఏం చేస్తుందో చూద్దాం. జియోలైట్‌లో సిలికాన్ స్థానంలో అల్యూమినియం కూర్చున్న చోటల్లా ఒక ప్రోటాన్ ఉంటుంది. ఆల్కహాల్ దగ్గరికి వస్తే ఆ ప్రోటాన్ దాని ఆక్సిజన్‌కి అంటుకుంటుంది. హైడ్రాక్సిల్ గుంపు నీరుగా విడిపోతుంది, మిగిలిన కార్బన్ గొలుసు పక్క కార్బన్ నుంచి ప్రోటాన్‌ని తిరిగి ఇచ్చేసి ఒలిఫిన్‌గా (జంట బంధమున్న హైడ్రోకార్బన్‌గా) మారుతుంది. టెర్షియరీ ఆల్కహాల్‌కి (హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌కి మూడు కార్బన్‌లు అతుక్కున్నది) ఇది చాలా సులువు, ప్రైమరీకి (ఒక్కటే అతుక్కున్నది) కొంచెం కష్టం. ఫినాల్‌కి మాత్రం దాదాపు అసాధ్యం. ఫినాల్‌లో ఆక్సిజన్ నేరుగా బెంజీన్ వలయానికి అతుక్కుని ఉంటుంది. ఆ బంధం మామూలు ఆల్కహాల్ బంధం కన్నా చాలా గట్టిది, పైగా నీరు విడిపోయాక వలయం మీద మిగలాల్సిన ధనావేశం నిలవలేదు. కాబట్టి ఫినాల్ ఆమ్ల స్థానాన్ని పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. కొంత కోక్ (ఉత్ప్రేరకం మీద పేరుకునే బొగ్గు) అవుతుంది, మిగతాది ఫినాల్‌గానే బయటికొస్తుంది.

మిథనాల్ ఈ విషయంలో అదృష్టవంతురాలు. మోబిల్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు 1970లలో జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్ మీద మిథనాల్‌ని పెట్రోలుగా మార్చగలిగారు. దాని ఆధారంగా న్యూజిలాండ్‌లోని మోటునుయిలో 1985లో రోజుకు దాదాపు 14,500 బ్యారెళ్ల పెట్రోలు తీసే ప్లాంటు నడిచింది. మిథనాల్ బరువులో 56 శాతం నీరుగా పోతుంది, 44 శాతం హైడ్రోకార్బన్‌గా మిగులుతుంది. అణుభారాలు వేసి చూసుకోండి, 32లో 18 నీరు, 14 మిగులు. సగానికి పైగా నీరైపోయినా రసాయనపరంగా ఇది చక్కటి బేరం. ఎందుకంటే నీరు పోయాక మిగిలిన ప్రతి కార్బన్‌కీ రెండు హైడ్రోజన్‌లు ఉంటాయి. పెట్రోలుకి కావలసింది ఉరామరిగా అంతే.

అక్కడ సమస్య వేడి. మొత్తం చర్యని ఒకే బెడ్‌లో వదిలేస్తే ఉష్ణోగ్రత ఉన్నదాని మీద ఇంకో 600 డిగ్రీల దాకా పెరిగిపోతుంది. అందుకే మోటునుయిలో ముందు అల్యూమినా మీద మిథనాల్‌ని డైమిథైల్ ఈథర్, నీరు, మిగిలిన మిథనాల్‌ల మిశ్రమంగా మార్చి కొంత వేడిని అక్కడే వదిలించారు. తర్వాతి రియాక్టర్లలోకి మిథనాల్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా రీసైకిల్ వాయువుని పంపి మిగతా వేడిని పంచారు. డ్యూరీన్ ఇంకో తలనొప్పి. నాలుగు మిథైల్ గుంపులున్న ఈ అణువు జెడ్‌ఎస్‌ఎం-5 రంధ్రాల్లోంచి సరిగ్గా పట్టేంత సైజులో ఉంటుంది, 79 డిగ్రీల దగ్గర గానీ కరగదు. పెట్రోలులో ఎక్కువైతే చలికాలంలో కార్బురేటర్‌లో గడ్డకడుతుంది. అందుకే బరువైన పెట్రోలు భాగాన్ని విడిగా శుద్ధి చేసి దాన్ని రెండు శాతం లోపుకి దించాల్సి వచ్చింది. రసాయనం పని చేసింది. తర్వాత నూనె ధరలు పడిపోవడంతో అక్కడ పెట్రోలు ఆపి మిథనాల్‌నే అమ్ముకున్నారు.

ఇప్పుడు అసలు లెక్క. ఏ ఆక్సిజన్ పదార్థమైనా తీసుకోండి. దాని హైడ్రోజన్‌ల సంఖ్యలోంచి ఆక్సిజన్‌ల సంఖ్యకి రెట్టింపు తీసేసి, వచ్చినదాన్ని కార్బన్‌ల సంఖ్యతో భాగించండి. ఆక్సిజనంతా నీరుగా పోతే ఒక్కో కార్బన్‌కి ఎన్ని హైడ్రోజన్‌లు మిగులుతాయో తెలుస్తుంది. మిథనాల్‌కి 2, ఇథనాల్‌కి 2. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ట్రైఓలీన్‌కి 1.61. ఫినాల్‌కీ గ్లిజరాల్‌కీ 0.67. ఎసిటిక్ ఆమ్లానికి సున్నా. గ్లూకోజ్‌కి సున్నా. సెల్యులోజ్‌ని వేడితో విరగ్గొడితే వచ్చే లీవోగ్లూకోసాన్‌కీ, ఫర్ఫ్యూరల్‌కీ, హైడ్రాక్సీ ఎసిటాల్డిహైడ్‌కీ కూడా సున్నానే. ఈ అంకె ఒకటికి దిగువన ఉన్న పదార్థాలు జియోలైట్‌ని కోక్‌తో త్వరగా మూసేస్తాయి. కట్టెల బయో ఆయిల్‌లో ప్రధానంగా ఉండేవి సరిగ్గా ఇవే. ఆక్సిజనంతా నీరుగా వదిలేస్తే సున్నా అంకె ఉన్నవాటి దగ్గర మిగిలేది వట్టి బొగ్గు!

అయితే ఆక్సిజన్ నీరుగానే పోవాలన్న నియమం లేదు. కార్బన్ మోనాక్సైడ్‌గా పోవచ్చు, కార్బన్ డయాక్సైడ్‌గా పోవచ్చు. రెండు ఎసిటిక్ ఆమ్ల అణువులు కలిసి ఒక ఎసిటోన్, ఒక నీరు, ఒక కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. సున్నాగా ఉన్న అంకె ఎసిటోన్‌లో 1.33కి ఎక్కుతుంది. కానీ నాలుగు కార్బన్‌లలో ఒకటి పొగగొట్టం పాలైంది. ట్రైఓలీన్‌లోనూ ఇదే బేరం. దాని బరువులో 10.8 శాతం ఆక్సిజన్. అదంతా నీరుగా పోతే 12.2 శాతం నీరొస్తుంది, మిగిలిన దాంట్లో కార్బన్‌కి 1.61 హైడ్రోజన్. అంతా కార్బన్ డయాక్సైడ్‌గా పోతే 57 కార్బన్‌లలో మూడు పోతాయి గానీ మిగిలిన 54 కార్బన్‌లకి 1.93 హైడ్రోజన్ దక్కుతుంది. అంటే ఆక్సిజన్ పోయేటప్పుడు హైడ్రోజన్‌నో కార్బన్‌నో వెంట తీసుకెళ్లకుండా పోదు. ఆమ్ల స్థానాలు మొగ్గేది ఎక్కువగా నీటివైపే, అంటే హైడ్రోజన్‌ని పోగొట్టే వైపే. ఈ ఒక్క విషయం ఒప్పుకోకుండా ఎఫ్‌సీసీలో బయో ఆయిల్ గురించి మాట్లాడటం వృథా.

ఒక యూనిట్‌ని దగ్గరగా చూద్దాం. గంటకి 100 టన్నుల ఫీడ్ తీసుకునే ఎఫ్‌సీసీలో 5 టన్నుల పచ్చి బయో ఆయిల్ కలిపామనుకోండి. మిగతా 95 టన్నులు వీజీవో. బయో ఆయిల్‌లో నాలుగో వంతు నీరే, అంటే 1.25 టన్నులు. మిగిలిన 3.75 టన్నుల్లో 55 శాతం కార్బన్, 6.5 శాతం హైడ్రోజన్, 38 శాతం ఆక్సిజన్ అనుకుందాం. కట్టెల బయో ఆయిల్‌కి ఇవి మామూలు అంకెలే. ఆక్సిజన్ 1.42 టన్నులు. అందులో సగం నీరుగా, సగం కార్బన్ మోనాక్సైడ్‌గా పోయిందనుకుంటే కొత్తగా 0.8 టన్నుల నీరు, 1.25 టన్నుల కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. ఫీడ్‌తో వచ్చిన నీటిని కలిపితే గంటకి రెండు టన్నుల నీరు అదనం. వాయువు ఘనపరిమాణంలో చూస్తే ఆ కార్బన్ మోనాక్సైడ్ ఒక్కటే సాధారణ స్థితిలో గంటకి దాదాపు వెయ్యి ఘనపు మీటర్లు. ఇలాంటి యూనిట్‌లో మొత్తం డ్రై గ్యాస్ (ద్రవంగా మారని తేలిక వాయువులు) మూడు నాలుగు టన్నులుంటుంది. దాని మీద ఇంకో మూడో వంతు వచ్చి పడుతుందన్నమాట. ఈ వాయువులన్నిటినీ ఒత్తి ముందుకి పంపే వెట్ గ్యాస్ కంప్రెసర్ ముందే నిండా నడుస్తుంటే ఫీడ్ తగ్గించడం తప్ప దారి ఉండదు.

ఇక హైడ్రోజన్. బయో ఆయిల్ తనతో తెచ్చిన హైడ్రోజన్, నీటిలోది వదిలేస్తే, 244 కిలోలు. కొత్త నీరుగా పోయింది 89 కిలోలు. మిగిలిన 155 కిలోలు 1.53 టన్నుల కార్బన్‌కి పంచుకోవాలి. కార్బన్‌కి 1.2 హైడ్రోజన్ వస్తుంది. అది పెట్రోలు కావాలంటే 1.9 దాకా ఎక్కాలి. తక్కువ పడ్డది గంటకి 90 కిలోలు. ఆ 90 కిలోలు వీజీవో నుంచి హైడ్రైడ్ బదిలీ (ఒక అణువులోని హైడ్రోజన్ ఇంకో అణువుకి మారడం) ద్వారా రావాలి, లేదంటే ఆ కార్బన్‌లో చాలాభాగం కోక్ అయిపోవాలి. వీజీవోలోని నాఫ్తీన్‌లు (వలయాకారపు హైడ్రోకార్బన్‌లు) ఈ హైడ్రోజన్ ఇచ్చి తాము బెంజీన్ లాంటి వలయాలున్న ఆరోమాటిక్‌లవుతాయి. ఎఫ్‌సీసీ నుంచి డీజిల్ స్థాయిలో వచ్చే సైకిల్ ఆయిల్ మరింత బరువెక్కుతుంది. ముందే తక్కువగా ఉండే దాని సీటేన్ (డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) ఇంకా పడిపోతుంది. దాన్ని డీజిల్‌లో కలపాలంటే తర్వాతి హైడ్రోట్రీటర్‌లో (హైడ్రోజన్‌తో శుద్ధి చేసే యూనిట్) ఎక్కువ హైడ్రోజన్ పోయాలి. ఎఫ్‌సీసీలో కొనలేదనుకున్న హైడ్రోజన్‌ని అక్కడ కొంటున్నాం.

మరి 5 శాతం ట్రయల్స్‌లో ఇదంతా ఎందుకు కనపడదు? 95 టన్నుల వీజీవోలో పదకొండు టన్నులకు పైగా హైడ్రోజన్ ఉంటుంది. 90 కిలోలు దాంట్లో ఒక శాతం కూడా కాదు. దిగుబడి కొలతల్లో ఉండే మామూలు ఊగిసలాటలో అది కలిసిపోతుంది. అందుకే నివేదికల్లో 'గణనీయమైన మార్పు లేదు' అని రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ దాన్ని పట్టుకుని 20 శాతానికి వెళ్లొచ్చు అనుకోవడం సరికాదు. అప్పుడు బయో ఆయిల్ నాలుగు రెట్లవుతుంది, ఇచ్చే వీజీవో తగ్గుతుంది, ఊగిసలాటలో దాక్కున్న నష్టం బయటపడుతుంది.

బ్రెజిల్‌లో పెట్రోబ్రాస్ వాళ్లు సావో మతేయూస్ దో సూల్‌లోని డెమాన్‌స్ట్రేషన్ యూనిట్‌లో గంటకి 150 కిలోల స్థాయిలో ఈ పని చేసి ఫలితాలు ప్రచురించారు. పైన్ కట్టె బయో ఆయిల్‌ని వీజీవోతో కలపకుండా రైజర్ (ఫీడూ ఉత్ప్రేరకమూ కలిసి పైకి ఎగసే నిలువు గొట్టం) మీద వేరే ఎత్తులో, వేరే నాజిల్‌తో పంపారు. మొక్కల కార్బన్‌లో ఉండి శిలాజ నూనెలో ఉండని కార్బన్-14 కొలతతో చూస్తే 10 శాతం బయో ఆయిల్ కలిపినప్పుడు ద్రవ ఉత్పత్తుల్లో జీవ కార్బన్ రెండు శాతం దగ్గర, 20 శాతం కలిపినప్పుడు మూడు నుంచి ఐదు శాతం మధ్య ఉంది. పై లెక్క చూశాక ఇందులో ఆశ్చర్యం లేదు. బయో ఆయిల్‌లో నాలుగో వంతు నీరు, మిగిలిన కార్బన్‌లో నాలుగో వంతు కార్బన్ మోనాక్సైడ్, ఇంకొంత కోక్. పోసిన శాతమూ పెట్రోలులో తేలిన శాతమూ ఒకటి కావు. ప్రోత్సాహకాలు ఇచ్చే విధానాలేవైనా పోసినదానికి కాకుండా కార్బన్-14లో తేలినదానికే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఆచరణలో ఎదురయ్యే ఇబ్బందులు వేరే ఉన్నాయి. పచ్చి బయో ఆయిల్ వీజీవోలో కలవదు. వీజీవోని ప్రీహీట్ చేసినట్టు దీన్ని వేడి చేస్తే ఆల్డిహైడ్‌లూ ఫినాల్‌లూ ఒకదానికొకటి అల్లుకుని జిగురు, ఆపైన గట్టి పెంకు. నాజిల్ మూసుకుపోతుంది. కాబట్టి లైన్ 50 డిగ్రీల లోపే ఉండాలి, నాజిల్ చుట్టూ చల్లదనం ఉండాలి, ఫీడ్ ఆపిన మరుక్షణం ఆల్కహాల్‌తో కడగాలి. పీహెచ్ రెండు మూడు మధ్య ఉంటుంది గనక కార్బన్ స్టీల్ పైపు పనికిరాదు, ట్యాంకు నుంచి నాజిల్ దాకా 316ఎల్ స్టెయిన్‌లెస్ కావాలి. బొగ్గు నుసిని వడకట్టకుండా పంపితే పొటాషియం కూడా వెళ్తుంది. ఒక్కో పొటాషియం అయాన్ ఒక్కో ఆమ్ల స్థానాన్ని చంపేస్తుంది. కోక్‌ని కాల్చితే పోతుంది గానీ పొటాషియం ఎంత కాల్చినా పోదు.

రైజర్ దాటాక కథ ఇంకా ఉంది. ఎసిటిక్ ఆమ్లం మెయిన్ ఫ్రాక్షనేటర్ (ఉత్పత్తుల్ని విడదీసే కాలమ్) పైభాగంలో నీటితో పాటు చల్లబడి అక్కడి కార్బన్ స్టీల్‌ని తింటుంది, ఓవర్‌హెడ్ నీటి పీహెచ్ గంటగంటకీ చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ అమీన్ యూనిట్‌లో (వాయువుల్లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని తీసేది) ఫార్మేట్ లవణాలు చేస్తుంది. అవి వేడి చేసినా విడిపోవు, కాబట్టి అమీన్ బలం క్రమంగా తగ్గుతుంది. ఫినాల్‌లు సోర్ వాటర్‌లోకి (యూనిట్ నుంచి బయటికొచ్చే మురికి నీటిలోకి) దిగి చివరికి వ్యర్థజలాల శుద్ధిలోని సూక్ష్మజీవుల మీద పడతాయి. పెట్రోలు రంగు మారుతుంది, అందులో గమ్ (జిగట మడ్డి) పెరుగుతుంది.

ఎసిటాల్డిహైడ్, కొద్దిగా ఎసిటోన్ తేలిక భాగాల్లోకి జారి, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చిన్న అణువుల్ని పెట్రోలుగా అతికించే ఆల్కైలేషన్ యూనిట్ దాకా వెళ్లగలవు. అక్కడ ఆక్సిజన్‌తో వ్యవహారం ఇంకా కఠినం. తాజా ఆమ్లం 98.5 శాతం, 90కి పడితే తీసేయాలి అనుకుందాం. ఒక కిలో నీరు లోపలికి వస్తే దాన్ని మోయడానికి ఎంత ఆమ్లం కావాలి? కావలసిన ఆమ్లాన్ని 0.985తో గుణిస్తే, ఆ ఆమ్లమూ కిలో నీరూ కలిపిన బరువులో 90 శాతం కావాలి. లెక్క తేలేది 10.6 కిలోలు. ఒక్క కిలో నీటికి! మిథనాల్‌తో ఎంటీబీఈ అనే పెట్రోలు సంకలితాన్ని చేసే యూనిట్ నుంచి వచ్చే సీ4లో (నాలుగు కార్బన్‌ల వాయువుల్లో) మిథనాల్ మిగిలితే కిలోకి అంతకు రెట్టింపు పైనే ఆమ్లం పోతుంది, ఎందుకంటే అది ఆమ్లంతో చర్య జరిపి దాన్ని తినేస్తుంది, నీరు కూడా వదులుతుంది. అందుకే సీ4ని నీటితో కడిగి, కోలెసర్‌లో నీటి బొట్లు తీసేసి, డైమిథైల్ ఈథర్‌ని కాలమ్‌లో పైకి తోలేయాలి. ఇక్కడ పీపీఎంలే (పది లక్షల్లో ఒక్కో వంతే) డబ్బు.

వాడేసిన వంటనూనె సంగతి వేరు. దాని అంకె 1.6 దగ్గర, వీజీవోకి మరీ దూరం కాదు. రైజర్ అడుగునే ఎస్టర్‌లు విరిగి కొవ్వు ఆమ్లాలవుతాయి, అక్కణ్ణుంచి ఒలిఫిన్‌లు, నీరు, కార్బన్ మోనాక్సైడ్. పైన చెప్పిన యూనిట్‌లో 5 టన్నులు కలిపితే ఆక్సిజనంతా నీరైనా గంటకి 0.6 టన్నులే. రైజర్ తట్టుకుంటుంది. కానీ ముందు శుభ్రం చేయాలి. మన దేశంలో వంటనూనెలో పోలార్ పదార్థాలు (నూనె మరిగి చెడినకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటితే వాడకూడదన్న ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన 2018లో అమల్లోకి వచ్చింది. సేకరణకి వచ్చేది ఆ హద్దుకి చేరిన నూనే. అందులో పాలిమర్‌లు, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, ఉప్పు, ఫాస్ఫరస్ ఉంటాయి. ఉప్పులోని సోడియం పొటాషియం లాగే ఆమ్ల స్థానాన్ని తినేస్తుంది, క్లోరైడ్ ఓవర్‌హెడ్‌ని తింటుంది. వేడినీటితో కడిగి, డీగమ్మింగ్ చేసి (జిగురు పదార్థాలు తీసి), లోహాలు పది పీపీఎం లోపు దిగాకే ఫీడ్ ట్యాంకులోకి రావాలి.

అయినా నన్నడిగితే వంటనూనెని ఎఫ్‌సీసీలో పోయడం దానికి అన్యాయం. ఎక్కువగా పదహారు, పద్దెనిమిది కార్బన్‌ల నిటారు గొలుసు అది. హైడ్రోట్రీటర్‌లో హైడ్రోజన్ ఇస్తే మంచి డీజిల్, ఇంకాస్త ఐసోమరైజ్ చేసి (గొలుసుకి కొమ్మలు తెచ్చి) కొంచెం చిన్నది చేస్తే విమాన ఇంధనం. 2030కి అంతర్జాతీయ విమానాల ఇంధనంలో ఇలాంటి సుస్థిర ఇంధనం 5 శాతం కలపాలని మన ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది కూడా. ఆ గొలుసుని ముక్కలు చేసి ఎల్పీజీ, ఆరోమాటిక్‌లు చేసుకోవడం అవసరమైతేనే చేయాలి, ఉదాహరణకి ప్రొపిలీన్‌కి మంచి ధర ఉన్నప్పుడు. ఇక పచ్చి బయో ఆయిల్‌ని ముందు కొద్దిపాటి హైడ్రోట్రీటింగ్‌తో స్థిరపరచకుండా ఎఫ్‌సీసీకి పంపకూడదు. ఆల్డిహైడ్‌లని ఆల్కహాల్‌లుగా మారిస్తే చాలు, జిగురు తగ్గుతుంది, ఆమ్లం మీద నీరుగా విడిపోయే రకం ఆక్సిజన్ పెరుగుతుంది. ఆ హైడ్రోజన్‌ని బిల్లులో బాహాటంగా చూపించి కొనడమే నిజాయితీ.

చివరగా ట్రయల్‌ల గురించి. నీటి వల్ల జియోలైట్‌కి జరిగే హాని రైజర్‌లో రెండు మూడు సెకన్లలో జరిగేది కాదు. కేటలిస్ట్‌కి అంటిన నూనెని ఆవిరితో ఊడ్చే స్ట్రిప్పర్ నుంచి జారే ఆవిరి, కోక్‌లోని హైడ్రోజన్ కాలి పుట్టే ఆవిరి, ఆ కోక్‌ని కాల్చే రీజనరేటర్‌లో 700 డిగ్రీల దగ్గర నెమ్మదిగా అల్యూమినియంని చట్రంలోంచి పెరికేస్తాయి. బయో ఆయిల్‌తో కోక్ పెరిగితే రీజనరేటర్ వేడెక్కుతుంది, కేటలిస్ట్ సర్క్యులేషన్ తగ్గుతుంది, ఈ అరుగుదల వేగం పుంజుకుంటుంది. పొటాషియం పేరుకోవడం కూడా రోజుల మీద నడిచే పనే. ఎఫ్‌సీసీలో రోజూ కలిపే తాజా కేటలిస్ట్ మొత్తం నిల్వలో ఒకటి రెండు శాతమే గనక, పాత కొత్త కలిసి కొత్త సమతుల్యతకి రావడానికి వారాలు పడుతుంది. మూడు రోజుల ట్రయల్‌లో దిగుబడులు బాగున్నాయంటే అవి మొన్నటి వరకు శుభ్రమైన వీజీవో మీద నడిచిన కేటలిస్ట్ ఇచ్చిన దిగుబడులు. ట్రయల్ కనీసం ఆరేడు వారాలైనా సాగాలి. మొదట్లోనూ చివర్లోనూ ఈక్విలిబ్రియమ్ కేటలిస్ట్ (యూనిట్‌లో తిరుగుతున్న పాత కొత్తల మిశ్రమం) నమూనా తీసి పొటాషియం, సోడియం, ఉపరితల వైశాల్యం, జియోలైట్ యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి) పరిమాణం కొలవాలి. దానితో పాటే డ్రై గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్, సోర్ వాటర్‌లో ఫినాల్, సైకిల్ ఆయిల్‌లో హైడ్రోజన్ శాతం కూడా నివేదికలోకి ఎక్కాలి.